చేపల పెట్టెలో పుట్టమన్ను

మొక్కల గురించి నా చదువు ఏడో తరగతిలో వేసిన మామిడిపండు బొమ్మ దగ్గర ఆగిపోయింది. ఆ బొమ్మను చూసి మాస్టారు గుమ్మడికాయ అనుకుని పదికి నాలుగు మార్కులు వేశారు. అది మామిడిపండని నేను చెప్పాక ఆ నాలుగూ కొట్టేశారు. నోరు మూసుకుని ఉంటే పాసయ్యేవాణ్ణేమో. ఆ ఏడాదే బడి మానేశాను. నోరు మూసుకోవడం మాత్రం ఇప్పటికీ అబ్బలేదు.

అలాంటివాడు బరంపురంలో అద్దె ఇంటి డాబా మీద తోట వేశాడంటే సరదాకి కాదు. భయపడి వేశాడు.

నేను లగేజీ ఆటో నడుపుతాను. పొద్దున్నే సముద్రం ఒడ్డున మార్కండి వెళ్లి, పడవలు తెచ్చిన చేపల పెట్టెలు ఎక్కించుకుని బరంపురం బజారులో దించుతాను. చేపలు పడని రోజుల్లో కొడలకో భంజనగర్‌కో ఉల్లిపాయల బస్తాలు, ప్లాస్టిక్ కుర్చీలు తోలుతాను. ఒకసారి కారు చెడిపోయిన పెళ్లికొడుకును కూడా తోలాను. ఆయన దగ్గర పండుగప్ప వాసన వచ్చిందని పెళ్లివారు ఇప్పటికీ అంటారట.

నా భార్య నా మేనత్త కూతురే. పెళ్లయిన చాలా ఏళ్లకు, జనం అడగడం మానేసి జాలిపడడం మొదలుపెట్టాక, ఆమెకు కడుపు వచ్చింది. అంతకు ముందు ఒకసారి వచ్చి నిలవలేదు. ఆ ఒక్కసారి గురించి మా ఇంట్లో ఎవరం మాట్లాడుకోం. నేనూ దాని మీద ఇంతవరకు జోకు వెయ్యలేదు. నన్నెరిగినవాళ్లకు ఆ ఒక్క ముక్క చాలు.

ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసి నర్సు మొహం చిట్లించింది. రక్తం బాగా తక్కువగా ఉంది, ఇలాగే ఉంటే కాన్పు వేళకు తల్లికీ కష్టం, బిడ్డకీ కష్టం, మాత్రలతో పాటు రోజూ ఆకుకూర తినాలి అంది.

"రోజూనా?" అన్నాను.

"నువ్వు కాదు, ఆవిడ," అంది.

వాన పట్టిందంటే మా బజారులో తోటకూర నాలుగు కాడలకు అరటినార చుట్టి కట్ట అంటారు. ఆ కట్టను పొయ్యి మీద పెడితే గరిటెడు కూడా తేలదు. రోజూ కొనడం నా ఆటో వల్ల అయ్యే పని కాదు. అందుకని డాబా మీదికెక్కాను.

పెట్టెలకు లోటు లేదు. మూత విరిగినవీ అంచు పగిలినవీ థర్మకోల్ చేపల పెట్టెలు మార్కండిలో ఊరికే ఇస్తారు. కాల్చిన చువ్వతో అడుగున వేలు పట్టేంత చిల్లులు పెట్టాను. పెయింటు బకెట్లు, పిడి ఊడిన కుండ, ఎవరో పారేసిన ఫ్లష్ ట్యాంకు కూడా తెచ్చాను. ఫ్లష్ ట్యాంకులో పుదీనా వేస్తే, అది ఎంత ఘుమఘుమలాడినా నా భార్య ముట్టుకోలేదు. చేపల పెట్టెలను ఎన్నిసార్లు కడిగినా వీధిలోని పిల్లులన్నీ వచ్చి వాటి చుట్టూ విస్తరి ముందు కూర్చున్నట్టు కూర్చునేవి. తోటకూర మొలిచాక చాలా నిరాశపడి వెళ్లిపోయాయి.

లోటు మన్నుకే. బరంపురంలో చెయ్యి పెడితే సిమెంటు తగులుతుంది. నర్సరీలో మన్ను సంచిలో అమ్ముతారు, బియ్యం లాగ. మన్ను కూడా కొనుక్కోవాలా అని తిట్టుకుంటూ తిరుగుతుంటే, ఛత్రపురం రోడ్డు పక్కన ప్లాట్లు వెయ్యడానికి ఒక తుప్పల బీడును జేసీబీ చదును చేస్తూ కనబడింది. ఒక పక్కన ఎర్రటి మన్ను కుప్పపోసి ఉంది. మెత్తగా, నూకలా ఉంది. రాయి లేదు, గాజుముక్క లేదు. డ్రైవరును అడిగితే, నువ్వు పట్టుకుపోతే నాకు పని తగ్గుతుంది అన్నాడు. చేపలు దించాక అటు వెళ్లి పట్టినన్ని సంచులు నింపుకున్నాను.

తొట్టి అడుగున పెంకుముక్కలు వెయ్యాలంటారు, నీరు నిలవకుండా. నా దగ్గర పెంకులు లేవు. ఆ మన్నులోనే గట్టి గడ్డలుంటే చితక్కొట్టకుండా అలాగే అడుగున పేర్చి, పైన పొడి మన్ను, దాని మీద నూనె తీసిన ఆవచెక్క, టీ పొట్టు వేశాను. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇంకెవరూ మెచ్చుకోరు కదా.

తోటకూర లేచింది. మెంతికూర లేచింది. పక్కింట్లో అడిగి గుచ్చిన బచ్చలి తీగ పిట్టగోడ ఎక్కింది. బియ్యం కడిగిన నీళ్లు అడుగు మడ్డితో సహా పైకి మోసేవాణ్ణి. పొద్దున్నే నా భార్య సిబ్బి పట్టుకుని మెల్లగా మెట్లెక్కి, వంగలేక ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, ఆ పూటకు కావలసింది కోసుకునేది. రెండో పరీక్షలో రక్తం పెరిగింది. నర్సు ఏం చేశావని అడిగింది. చేపలు పండించానని చెప్పాను.

ఆరో నెలలో మా అత్త వచ్చింది. ఆంధ్రా సరిహద్దు దగ్గర పల్లెలో రెండెకరాలు చేసుకునే మనిషి. నాకు మేనత్త, పైగా అత్తగారు. అంటే నన్ను తిట్టడానికి ఆవిడకు రెండు హక్కులు. వచ్చిన రోజే డాబా చూస్తానంది. తోటకూర చూసి మురిసింది. తర్వాత పెట్టెలో చెయ్యి పెట్టి మన్ను తీసి నలిపింది. వాసన చూసింది. మొహం మారింది.

"ఒరే, ఈ మన్ను ఎక్కడిదిరా?"

"రోడ్డు పక్కదత్తా. ఊరికినే ఇచ్చినారు."

"నలిపి సూడు. సెద కట్టిన మన్నిది. పుట్టమన్ను."

"మంచిదే కదా. పెళ్లికి పుట్టబంగారవని పిడికెడు తెత్తారు. నాను బస్తాలకి తెచ్చినాను. బంగారం ఎంతుంటే అంత మంచిది."

ఆవిడ నవ్వలేదు. నా జోకులకు మొహం మీద నవ్వకుండా వెనక్కి తిరిగి నవ్వడం ఆవిడ అలవాటు. వెనక్కి కూడా తిరగలేదు.

"దీని కడుపు పండాలని ఏటేటా నాగులసవితికి నాను పుట్టకి పాలు పోసినాను. నువ్వు పుట్టనే ఇంటికి తెచ్చేసినావు."

"ఆ పుట్ట మీ ఊరిదత్తా. ఇది ఛత్రపురం రోడ్డుది."

"పావులకి ఊర్లుంతాయేటిరా?" అంది. కొంగుతో చెయ్యి తుడుచుకుని కిందికి దిగిపోయింది.

కూతురితో ఆ మాట అనలేదు. నేనూ అనలేదు. కానీ ఆ రోజు నుంచి నాకు మన్ను వేరేగా కనబడడం మొదలైంది. నాకు భయం కాళ్లలో పుట్టదు, చెవుల్లో పుడుతుంది. చెవులు చల్లబడతాయి. ఆటో నడుపుతూ ఉన్నట్టుండి చెవులు తడుముకునేవాణ్ణి. పుట్ట కూల్చింది జేసీబీ, నేను కాదు అని ఒకసారి చెప్పుకునేవాణ్ణి. కూల్చింది ఎవరైనా ఆ మన్నులో పండింది తిన్నది నా భార్య అని మరోసారి తోచేది. మొదటిసారి నిలవని కడుపు గుర్తొచ్చేది. ఇదంతా పిచ్చి అని తెలుసు. తెలియడం వల్ల చెవులు వెచ్చబడవు.

తర్వాత వచ్చిన భయానికి మాత్రం పిచ్చి అని పేరు పెట్టడానికి వీల్లేకపోయింది.

రాత్రంతా వాన కురిసి తెరిపిచ్చిన పొద్దు. డాబా మీద నీళ్లు నిలిచాయి. లుంగీ ఎగ్గట్టుకుని పైకి వెళ్లాను, తూము దగ్గర చెత్త తీద్దామని. తోటకూర పెట్టె ఇటుకల మీద ఎత్తుగా ఉంటుంది. దాని అడుగున నేను కాల్చిన చిల్లులోంచి నల్లగా ఏదో వేలాడుతోంది. బూటు లేసు అనుకున్నాను. మా ఇంట్లో ఎవరికీ బూట్లు లేవని అప్పుడు గుర్తొచ్చింది.

అది జారి నేల మీద పడింది. వేలెడంత లావు కూడా లేదు. నా అడుగు చప్పుడుకు తల ఎత్తింది. ఎత్తి, బొటనవేలి గోరంత పడగ విప్పింది.

నా ఆటో హారన్ అంత గొంతు నాది. ఆ గొంతు ఎటో పోయింది. వెనక మెట్ల మీద గాజుల చప్పుడు వినబడింది.

"మావా, బచ్చలి కోసేనా, తోటకూర కోసేనా?"

"రాకు," అన్నాను. గాలి వచ్చింది గాని మాట రాలేదు.

"ఏటి?"

"రాకు. పావు."

"మొన్న పప్పుల డబ్బాలో బల్లిని పెట్టినావు. అది అయిపోనాదా, ఇప్పుడు పావేటి?"

నిజమే. రథయాత్ర సంతలో కొన్న రబ్బరు బల్లి అది. ఆ బల్లిని ఆ నిమిషంలో తిట్టుకున్నంతగా నేను ప్రాణమున్న దేన్నీ తిట్టుకోలేదు. ఆమె నవ్వుతూనే ఎక్కుతోంది. చివరి మెట్టు మీద చెప్పులు లేని పాదం పడింది. ఆ పాదానికీ ఆ పడగకూ మధ్య నేను పడుకుంటే సరిపోయేంత జాగా. తిరిగి నిలబడి రెండు చేతులూ చాచాను. ఆమెను ఎప్పుడూ "ఏమే" అని తప్ప పిలవనివాణ్ణి.

"అమ్మా," అన్నాను. "ఆగమ్మా. దండం పెడతాను, ఆగు."

ఆమె ఆగింది. నా మొహం చూసింది, ఇంకాస్త కిందికి చూసింది, సిబ్బి గుండెలకు హత్తుకుని ఒక్కొక్క మెట్టూ వెనక్కి దిగింది. పాము పిల్ల పెయింటు బకెట్టు కిందికి పోయింది.

పాములు పట్టే మనిషి నంబరు చేపల బజారులో దొరికింది. ఒడియా ఆయన. గ్యాసు పొయ్యిలు బాగుచేస్తాడు, పిలిస్తే పాములు పడతాడు. ఒక ఇనుప కొక్కెం, ఒక ఖాళీ ఊరగాయ జాడీ పట్టుకుని వచ్చాడు. జాడీ మీద మామిడికాయ బొమ్మ ఉంది. నా బొమ్మ కంటే బాగానే ఉంది. "కిచ్ఛి హెబొ నాహిఁ," అన్నాడు వస్తూనే. ఏమీ కాదని. బకెట్టు ఎత్తి, దాన్ని జాడీలో వేసుకుని చూసి, "నాగొ," అన్నాడు. నాగుపాము పిల్ల.

"ఇంత దానికి విషం ఉంతాదా?" అని అడిగాను.

"గుడ్డులోంచి వచ్చినప్పుడే ఉంటది భాయినా," అన్నాడు, నన్ను అన్నా అని పిలుస్తూ తెలుగులోకి దిగి.

పెట్టెలన్నీ ఒక్కొక్కటే బోర్లించాడు. బచ్చలి తీగ తెగింది. మెంతికూర నీళ్లలో తేలింది. తోటకూర పెట్టెలో, నేను తెలివిగా పేర్చిన గడ్డల్లో ఒకటి డొల్ల. దాంట్లో ఇంకో పిల్ల దొరికింది. దాని పక్కన పలచటి తోలులా ముడుచుకుపోయిన గుడ్ల పెంకులు. థర్మకోల్ వేడి పోనివ్వదు, నువ్వు రోజూ తడి పెట్టావు, తల్లి కూడా ఇంత బాగా చూడదు అని నవ్వాడు. మా ఇంట్లో వేరేవాళ్లు వేసిన జోకుకు నేను నవ్వకపోవడం అదే మొదలు.

పెంకులు ఎక్కువున్నాయి. జాడీలో పిల్లలు తక్కువున్నాయి. ఇద్దరం అది చూశాం.

"మిగతావి?" అన్నాను.

ఆయన తూము వైపు చూశాడు. తూము గొట్టం మా వంటింటి గోడ పక్క నుంచే కిందికి దిగుతుంది. "ఎల్లిపోయి ఉంటాయి," అన్నాడు.

"ఎక్కడికి?"

"మనకి చెప్పి ఎల్లవు కదా భాయినా."

ఆయన జాడీ పట్టుకుని వెళ్లిపోయాడు. అసలు భయం అప్పుడు మొదలైంది. కనబడ్డ పాము ఒక చోటే ఉంటుంది. కనబడని పాము ఇల్లంతా ఉంటుంది. స్నానాల గది కన్నానికి గుడ్డలు కుక్కాను. వంటింటి తూముకు రాయి పెట్టాను. ఆమె జడ రిబ్బను, దోమతెర తాడు, ఫోను చార్జరు, లంగా బొందు, ఇంట్లో పొడుగ్గా ఉన్నదల్లా పామే. ఆమె మంచం దిగే ముందు నేను కర్రతో నేల కొట్టేవాణ్ణి. ఆమె బియ్యం డబ్బా తెరిచే ముందు నేను తెరిచేవాణ్ణి. ఆటోలో ఉంటే గంటకోసారి ఫోను చేసి "కాళ్లు పైన పెట్టుకున్నావా?" అని అడిగేవాణ్ణి. జోకులు వెయ్యడం మానేశానని చేపల బజారులో నాకు జ్వరమనుకున్నారు.

అత్త నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును. కూతురి పక్కన కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసుకుని ఉండేది. ఒక రోజు మాత్రం, "తెచ్చిన చోట పోసేయ్ బాబూ," అంది. నన్ను "బాబూ" అంటే ఆవిడ కూడా భయపడుతోందన్నమాట.

సంచులన్నీ నింపి ఛత్రపురం రోడ్డుకు తోలుకెళ్లాను. బీడు లేదు. చుట్టూ గోడ, లోపల వరసగా నంబరు రాళ్లు. పుట్ట ఉన్న జాగా ఏదో పోల్చుకోలేకపోయాను. సంచి దించబోతే కాపలావాడు వచ్చాడు.

"ఇక్కడ మట్టి పొయ్యకూడదు."

"ఇక్కడి మట్టే."

"ఇక్కడిదైతే ఇక్కడే ఉంటది కదా. నీ ఆటోలోకి ఎలా వచ్చినాది?"

దించబోయిన సంచిని మళ్లీ ఎక్కించాను. ఇల్లు కూలినవాళ్ల మన్ను ఆటోలో పెట్టుకుని, దించడానికి చోటు లేక, మార్కండి దారిలో సరుగుడు తోటల దాకా వెళ్లాను. అక్కడ ఎవరూ లేని చోట కుప్పగా పోశాను. దండం పెట్టాను గాని మంత్రాలు రావు. వచ్చిందే అన్నాను. మీ ఇల్లు నేను పడగొట్టలేదు, పడిపోయింది తెచ్చుకున్నాను. మీవాళ్లు మా ఇంట్లో ఉంటే పిలుచుకుపోండి. రాకపోతే ఉండనివ్వండి, నేను ఏమీ అనను. నా భార్య పాదాల జోలికి మాత్రం రావద్దు. ప్రతి సంచినీ దులిపే ముందు కర్రతో కొట్టాను, దేవుడి ముందు కూడా.

డాబా ఖాళీ అయింది. ఆకుకూర ఆగింది. తర్వాతి పరీక్షలో రక్తం మళ్లీ పడిపోయింది. నర్సు ఈసారి మొహం చిట్లించలేదు, నన్ను పక్కకు పిలిచింది. ఎనిమిదో నెల వస్తోంది, ఇంకా పడితే రక్తం ఎక్కించాల్సి వస్తుంది అంది. పాము అంటే భయపడి తోట తీసేస్తే, తోట లేక ఈ భయం వచ్చింది. ఎటు తిరిగినా ఆమె ప్రాణమే.

ఆ మాట విని అత్త మరుసటి రోజే ఊరెళ్లింది. పాసింజరు రైల్లో రెండు బస్తాలు వేసుకుని తిరిగొచ్చింది. స్టేషనుకు ఆటో పట్టుకెళ్లాను.

"ఏటత్తా, బియ్యవా?"

"మన సేను మన్ను. నానే జల్లెడ పట్టినాను. నువ్వు పడితే రాళ్లు ఉంచేసి మన్ను పారేత్తావు."

పెట్టెలు మళ్లీ పరిచాం. బస్తా విప్పాను. పొడిగా, నల్లగా, నూకలా జల్లించిన మన్ను. అందులో చీమ కూడా లేదు. అయినా నా చెయ్యి లోపలికి పోలేదు. మోచేయి దాకా చెమట పట్టింది. కర్రతో కెలికాను. మళ్లీ కెలికాను. నా భార్య గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నేను వద్దనే లోపు పక్కనే కూర్చుని, బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, పిడికెడు తీసి నా దోసిట్లో పోసింది.

"వెచ్చగున్నాది," అంది. "పట్టుకో."

పట్టుకున్నాను. చెవులు చల్లగానే ఉన్నాయి. అయినా పట్టుకున్నాను.

తోటకూర మళ్లీ లేచింది. ఈసారి ఆమెను డాబా ఎక్కనివ్వలేదు. నేనే కోశాను, ప్రతి కాడనీ ముందు కర్రతో కదిపి. రక్తం మెల్లగా ఎక్కింది. ఎక్కించాల్సిన అవసరం రాలేదు. చలి మొదలయ్యాక ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారని నర్సు చెప్పినప్పుడు నేను ఆసుపత్రి బల్ల కింద చూస్తున్నాను, అలవాటు కొద్దీ. మిగిలిన పాములు ఎప్పుడూ కనబడలేదు. కనబడలేదు అంటే లేవని కాదు. ఇప్పటికీ ఉయ్యాల గుడ్డ దులపకుండా పాపను వెయ్యనివ్వను.

బారసాల రోజుకు నా నోరు తిరిగొచ్చింది. భోజనాలయ్యాక చుట్టాలందరినీ కూర్చోబెట్టి పాము కథ చెప్పాను. పడగను నా అరచేయంత చేశాను. "అంత భయంలో కూడా నాకు బుర్ర పనిచేసినాది," అన్నాను. "ఎప్పుడూ ఏమే అనేవోణ్ణి, అమ్మా అన్నాను. ఆ ఒక్క మాటకి గుమ్మంలో బొమ్మలాగ ఆగిపోనాది. అదీ మాటంటే."

అందరూ తలలూపారు. నా భార్య పాపకు పాలు పడుతూ మూల కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే అంది:

"నువ్వు అమ్మా అన్నావో అయ్యా అన్నావో నాకు ఇనబడనేదు మావా. నీ లుంగీ ఊడి కాళ్ల మీద పడిపోయున్నాది, నువ్వు సూసుకోనేదు. అది సూసి ఆగినాను."